క్లారా హాస్కిల్‌ను వింటూ ‘పాపం’ అనకండి

పియానో కళాకారిణి క్లారా హాస్కిల్ పేరెత్తితే చాలు, పియానో వినబడకముందే ‘పాపం’ అనే మాట వినబడుతుంది. 1895లో బుకారెస్ట్‌లో పుట్టడం, 15 ఏళ్లకే పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత విద్యాలయంలో ప్రథమ బహుమతి అందుకోవడం, ఆ తర్వాత వంగిపోతున్న వెన్నెముక కోసం 4 ఏళ్లు ప్లాస్టర్ కట్టులో గడపడం, యూదురాలు కాబట్టి నాజీల చేతిలోకి పోయిన పారిస్‌ను విడిచి పారిపోవడం, 1942లో మార్సేలో కంటి నరం మీది కణితికి శస్త్రచికిత్స, చివరికి 1960 డిసెంబరులో బ్రస్సెల్స్ రైల్వే స్టేషన్ మెట్ల మీద పడి మరణించడం. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఈ కథ విన్నవారు ఆమె వాయిద్యంలోనూ ఆ బలహీనతనే వెతుక్కుంటారు, ‘సున్నితం’, ‘పవిత్రం’ అని రెండు మాటలు అనేసి తృప్తిపడతారు. నా అభ్యంతరమంతా అక్కడే.

మొన్న ఒక మిత్రుడు ఆమె వాయించిన మొజార్ట్ 20వ కాన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్క పియానో వాయించే కృతి) పంపుతూ, వింటే ఏడుపొస్తుందని రాశాడు. 1960 నవంబరులో, అంటే మరణానికి కొన్ని వారాల ముందు, మార్కెవిచ్ నిర్వహణలో పారిస్‌లోని లామురో ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగ్ అది. మొదట వయొలిన్లు తాళం దెబ్బకు అటూ ఇటూగా గొణుగుతూ ఉంటే, కింద మంద్ర వాద్యాలు ఉండి ఉండి పైకి ఎగబాకుతాయి. అదంతా ఉప్పొంగి అణిగాక పియానో ఒంటరిగా, ఆర్కెస్ట్రా అంతవరకూ పలకని కొత్త మాటతో ప్రవేశిస్తుంది. చాలామంది ఇక్కడ నిట్టూరుస్తారు, కాలాన్ని సాగదీస్తారు. హాస్కిల్ ఆ పని చేయరు. ఉన్న విషయం ఉన్నట్టు చెప్పే మనిషిలా, గొంతు పెంచకుండా, లయ వదలకుండా వాయిస్తారు. ఏడుపొచ్చిందంటే అది మొజార్ట్ రాసినదానికి వచ్చిందేగానీ, ఆమె ఏడ్పించినందుకు కాదు.

వీణ విని పెరిగిన మన చెవికి పియానో మొదట మొండి వాద్యంగా తోస్తుంది. మెట్టు మీద తీగను లాగినట్టు ఇక్కడ స్వరాన్ని వంచలేము, మీట నొక్కాక అది తగ్గుతూ పోవలసిందే. గమకానికి చోటు లేనిచోట ఏ స్వరానికి ఎంత బరువు, ఎంత నిడివి అన్నదే వాయించేవారి చేతిలో మిగిలేది. ఆ లెక్కలో హాస్కిల్‌ది కమ్మరి చేయి కాదు, కంసాలి తూకం. వేగంగా పరుగెత్తే వరుసల్లోనూ ఏ స్వరమూ పక్కదానితో కలిసి బురద కాదు. ఎడమచేయి వెనుక నిలబడి తాళం వేసే సేవకుడిలా కాక, తన మాట తాను చెప్పుకుంటుంది.

వయొలిన్ కళాకారుడు గ్రుమియోతో కలిసి వాయించిన మొజార్ట్ సొనాటాల్లో (ఇద్దరే వాయించే కృతుల్లో) ఈ గుణం ఇంకా స్పష్టం. వాటిలో చాలావాటిని అచ్చు వేసినప్పుడు ‘వయొలిన్ సహకారంతో పియానో సొనాటాలు’ అన్నారు, అంటే పెత్తనం పియానోదే. ఇ మైనర్ అనే స్వరశ్రేణిలో ఉన్న సొనాటా మొదట్లో ఇద్దరూ ఒకే స్వరాలు వాయిస్తారు. కమాను స్వరాన్ని నిలబెట్టగలదు, పియానో నిలబెట్టలేదు. అయినా అతుకు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం. ఆమెకు వయొలిన్ కూడా వచ్చునన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి.

1963లో ఆమె పేరిట మొదలైన పియానో పోటీ, తర్వాత ఆమె స్థిరపడిన స్విట్జర్లాండ్‌లోని వెవేకు చేరింది. తగినవారు లేరనిపిస్తే బహుమతి ఎవరికీ ఇవ్వకుండా వదిలేసిన సంవత్సరాలూ ఉన్నాయి. ఆ పొరుగునే ఉండిన చాప్లిన్ తాను చూసిన ముగ్గురు మేధావుల్లో ఐన్‌స్టైన్, చర్చిల్‌ల సరసన ఆమెను చేర్చాడన్న మాటను అందరూ ధ్రువపత్రంలా అతికిస్తారు. నా ఓటు ఆ పోటీకే.

మిత్రుడికి తిరిగి ఒకటే రాశాను: ఆ కాన్చెర్టో రెండో భాగం మధ్యలో జి మైనర్ తుఫాను వచ్చే చోట ఎడమచేయి కుడిచేతిని దాటి, ఒకసారి కిందా ఒకసారి పైనా పలుకుతుంది, అక్కడ విను. 65 ఏళ్ల మనిషి, ఒక్క స్వరమూ తడబడదు. అతను ఇంకా జవాబివ్వలేదు.