బామ్మర్ది బుగ్గలకు పారాణి

కడుపునొప్పి వస్తే డాక్టరు దగ్గరికి పంపే ఇంట్లోనే, మొహం మీద పొక్కు వస్తే మాత్రం గడప దాటనివ్వరు. దానికి ఇంటినిండా డాక్టర్లే. కడుపులో ఏముందో ఎవరికీ కనపడదు కాబట్టి అక్కడ కాస్త భయం ఉంటుంది. మొహం అలా కాదు. పాలుపోసే అబ్బాయి దగ్గర్నుంచి గ్యాస్ బండ తెచ్చేవాడి దాకా అందరూ చూస్తారు, చూసిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి చెప్పి తీరాలి. చెప్పకుండా వెళ్లిపోతే పలకరించకుండా వెళ్లినట్టు.

మా బామ్మర్ది గడ్డం లాక్‌డౌన్‌లో వచ్చింది. లాక్‌డౌన్ పోయింది, గడ్డం పోలేదు. తెనాలిలో మా అత్తగారు దాన్ని తీయించడానికి బతిమాలారు, అలిగారు, మొక్కుకున్నారు కూడా. ఏదీ పనిచేయలేదు. చివరికి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉద్యోగం. తల్లిదండ్రులు కూడా కూతురి దగ్గరే ఉన్నారు. ఆదివారం పొద్దున్న వీడియో కాల్లో పెళ్లిచూపులు. "అబ్బాయి ఆ గడ్డం అదీ లేకుండా నీట్‌గా కనపడితే బావుంటుందండీ" అని మధ్యవర్తి ఒక్క మాట అన్నాడు. అంతే, ఇన్నేళ్ల గడ్డం ఒక్క పూటలో ఎగిరిపోయింది.

మంగలి షాపుకి వెళ్తే ఏ గొడవా లేకపోయేది. మావాడు బద్ధకించి బుధవారం నాడు మామగారి రేజర్ పట్టుకున్నాడు. అందులో బ్లేడు ఎప్పుడు మార్చారో మామగారికే గుర్తులేదు. నున్నగా రాలేదని గురువారం మళ్లీ గీశాడు, ఈసారి కింది నుంచి పైకి, ఎదురు. వీడివి ఉంగరాల వెంట్రుకలు. అలాంటి వెంట్రుక ఎదురు గీసినప్పుడు కొన వాలుగా తెగి చర్మం లోపలికి జారుతుంది. మళ్లీ పెరిగేటప్పుడు వంపు తిరిగి చర్మంలోనే గుచ్చుకుంటుంది. ఒంట్లో ముల్లు దిగిందనుకుని చర్మం వాచిపోతుంది. శనివారం పొద్దున్నకి మావాడికి దవడల నుంచి గొంతు దాకా ఎర్రటి పొక్కులు. చాలనట్టు ముక్కు పక్కన ఒక మొటిమ, పిలవని పేరంటం.

మేము ఆ కార్యక్రమం కోసమే శుక్రవారం రాత్రి దిగాం. నేను అల్లుణ్ణి. అత్తారింట్లో అల్లుడికి కాఫీ మీద హక్కు ఉంటుంది గానీ వైద్యం మీద ఉండదు. అందుకని చూస్తూ కూర్చున్నాను.

మొదటి మందు మామగారిది. షేవింగ్ అయ్యాక పటిక రుద్దితే మంట రాదని ఆయన వాదన. అందులో నిజం లేకపోలేదు, మంగలి షాపుల్లో పటిక బిళ్ల ఉండేది అందుకే. చిన్న గాట్లుంటే చర్మాన్ని బిగించి రక్తం ఆపుతుంది. కానీ ఇంట్లో ఉన్న పటిక ఒక్కటే, అది వీధి గుమ్మానికి దిష్టి కోసం నల్లదారంతో కట్టి ఉంది. ఆయన స్టూలెక్కి దాన్ని కోసుకొచ్చారు. "దిష్టి తగిలింది వీడి మొహానికే కదా" అన్నారు. ఏళ్ల తరబడి వీధి దుమ్ము పట్టిన ఆ ముక్కని కొళాయి కింద కడిగి, విచ్చుకున్న పొక్కుల మీద రుద్దారు. మావాడు "అబ్బా" అన్న కేక పక్కింటికి వినపడింది. దానివల్ల పక్కింటి పిన్నిగారు కూడా వచ్చారు.

ఈలోగా అత్తగారు పసుపు కలిపారు. ఆవిడకి పసుపంటే పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం. గొంతునొప్పికి పాలల్లో, గాయానికి నూనెతో, మొహానికి పెరుగుతో. మొహానికి కస్తూరి పసుపు వాడాలి, అది అంతగా రంగు అంటదు. ఆ డబ్బా ఖాళీ. ఆవిడ వంటింట్లోంచి కూర పసుపు తెచ్చారు. మాది మామూలు ఊరా, దుగ్గిరాల పసుపు యార్డు పక్కనే. కొమ్ములు కొని దంచించిన పసుపు. వేలు ముంచితే వారం దాకా గోరు వదలదు. చెంచాలు చెంచాలు వేసి, చాలదని ఇంకాస్త వేసి, నుదుటి నుంచి కంఠం దాకా పట్టించారు.

పిన్నిగారికి ఇది సరిపడలేదు. పసుపుకి శనగపిండీ నిమ్మరసం కలవకపోతే మచ్చ పోదట. వాళ్లబ్బాయికి మొటిమలన్నీ దానితోనే తగ్గాయట (వాళ్లబ్బాయిని నేను చూశాను, ఏమీ అనను). నిమ్మకాయ చెక్క నేరుగా పొక్కుల మీద పిండారు. మన చర్మం మామూలుగానే కాస్త ఆమ్ల గుణంతో, 5 పీహెచ్ దగ్గర, తన మానాన తాను ఉంటుంది. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది, ఆ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట. అది పులిహోరలోకి బావుంటుంది. మావాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మంట పుడుతోందంటే పనిచేస్తోందని అర్థం" అన్నారు పిన్నిగారు.

మా ఆవిడ ఊరుకుంటుందా? ఫోన్లో ఎవరో అమ్మాయి చూపించిందని ముల్తానీ మట్టి తెచ్చింది. పిన్నిగారు పూసిన చోటు వదిలి, నుదుటి మీది పసుపు పైనే దట్టంగా పట్టించింది. అది ఆరేసరికి మావాడి నుదురు ఎండాకాలం చెరువులా నెర్రెలిచ్చింది. మాట్లాడితే రాలుతుందని మాట్లాడనివ్వలేదు. పాపం కనుబొమలతోనే నాకేదో చెప్పబోయాడు, కనుబొమలు కూడా కదల్చొద్దంది వాళ్లక్క. పక్కనే నిలబడ్డ వాళ్ల బాబాయి కొడుకు టూత్‌పేస్టు పట్టుకుని తన వంతు కోసం చూస్తున్నాడు. కొండనాలుక సామెత ఆ పూట కనీసం నలుగురు వాడారు, ఎవరికి వారు ఎదుటివాళ్ల మందు గురించి.

ఇక తట్టుకోలేక మావాడు లేచి పెరట్లోకి పరుగెత్తాడు. కొళాయి గట్టు మీద చేతికి దొరికింది బట్టల సబ్బు. కళ్లు మూసుకుని మొహమంతా రుద్దేశాడు. నురుగు ఎర్రగా వచ్చింది. మొహం తుడుచుకున్న తెల్ల తువ్వాలు ఎర్రగా అయింది. అత్తగారు దాన్ని చూసి "అయ్యో నా తండ్రీ, రక్తం!" అని గుండె మీద చెయ్యేసుకుని అరుగు మీద కూలబడ్డారు.

రక్తం కాదు. పసుపుకి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పెళ్లిళ్లకి పారాణి చేసేది ఆ లెక్క మీదే. బట్టల సబ్బులో క్షారానికి కొదవేముంది? ఈ సంగతి నేను వివరించబోతుంటే, చప్పుళ్లకి అమ్మమ్మగారు కర్ర పట్టుకుని పెరట్లోకి వచ్చారు. ఆవిడకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది కావాలి. మనవడి మొహం దగ్గరగా చూసి నిలదీశారు.

"ఏవే, సంబంధం ఖాయమైందా? పారాణి కూడా పెట్టేశారు! అయినా కాళ్లకి పెట్టాల్సింది మొహానికి పెట్టారేంటే? నాకొక్క మాట చెప్పలేదు!"

ఆవిడకి సర్దిచెప్పడానికి అరగంట పట్టింది. సర్దుకున్నాక ఆవిడ వైద్యం ఆవిడా చెప్పారు: పొద్దున్నే పళ్లు తోముకోక ముందు పాచి ఉమ్మి రాస్తే ఎంతటి మొటిమైనా మాడిపోతుందట. మావాడు నా వైపు చూసి, "బావా, నన్ను ఎటైనా తీసుకుపో" అన్నాడు.

తీసుకుపోయాను. మెడికల్ షాపులో కుర్రాడు మావాడి మొహం చూసి ఏమీ అడక్కుండానే ఒక ట్యూబు తీసి పెట్టాడు. "అందరూ ఇదే తీసుకెళ్తారన్నా, రెండు రోజుల్లో తెల్లగా అయిపోతారు." తిప్పి చూస్తే స్టెరాయిడ్. ఇలాంటివి ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నోటిఫికేషన్ కూడా ఇచ్చింది. రాసినన్ని రోజులు మొహం నిగనిగలాడుతుంది, మానేసిన రోజు నుంచి అసలు కథ మొదలవుతుంది. చర్మం పల్చబడి, ఎర్రబడి, ఎండలోకి వెళ్తే భగభగ. ఇంట్లోవాళ్ల వైద్యం మొహానికి రంగు వేసింది గానీ ఇలాంటి పని చేయలేదు. ట్యూబు వెనక్కిచ్చేశాను.

అక్కణ్నుంచి మంగలి షాపుకి వెళ్లాం. ఆయన గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, వేలితో ఒక్కసారి కింది నుంచి పైకి రాసి చూశాడు. "ఎదురు గీశారు. పొడిగా గీశారు. పాత బ్లేడు" అన్నాడు, పక్కనుండి చూసినట్టే. "పది రోజులు రేజర్ ముట్టుకోకండి. చల్లటి గుడ్డ పెట్టండి. గిల్లకండి. ఈ పసుపు సంగతి నాకు తెలీదు." డబ్బులు కూడా తీసుకోలేదు.

ఆ పసుపు నీళ్లకి లొంగదు, నూనెకి లొంగుతుంది. సాయంత్రం కొబ్బరినూనె దూదితో తుడిస్తే సగం వదిలింది. ఎండ తగిలితే పసుపు రంగు వెలుస్తుంది కదా అని మామగారు మర్నాడు తెల్లారగట్లే వాణ్ని డాబా మీద తువ్వాలు పక్కన కూర్చోబెడదామన్నారు. నిమ్మరసం రాసిన చర్మానికి ఎండ తగిలితే కమిలి నల్ల మచ్చలు పడతాయని నేను అడ్డుపడ్డాను. తువ్వాలు ఒక్కటే ఆరింది. అది తెల్లగా అయింది కూడా.

ఆదివారం ఎనిమిదిన్నరకి కాల్. అక్కడ వాళ్లకి శనివారం రాత్రి. మావాడు లేత బంగారు రంగులో, ఇస్త్రీ చొక్కాలో, కదలకుండా కూర్చున్నాడు. అమ్మాయి కాసేపు చూసి, "మీ కెమెరాలో కొంచెం ఎల్లో టింట్ వస్తున్నట్టుందండీ" అంది. "అవునండీ, కెమెరానే, పాత ఫోను" అన్నాడు మావాడు ఊపిరి పీల్చుకుని. మామగారు వెంటనే లేచి ట్యూబ్‌లైట్ ఆర్పారు. అప్పుడు వెనక గోడ మామూలు రంగులో, మావాడు పసుప్పచ్చగా ఇంకా బాగా తెలిశారు.

అత్తగారికి అబద్ధం అరగదు. ఫోను ముందుకి వంగి, "కెమెరా కాదమ్మా, పొక్కులొస్తే పసుపు రాశాను" అని మొదలుపెట్టి పటిక నుంచి పాచి ఉమ్మి దాకా పూసగుచ్చినట్టు చెప్పేశారు. మావాడు కళ్లు మూసుకున్నాడు. అవతల నిశ్శబ్దం. లైను తెగిందేమో అనుకున్నాం. తర్వాత అమ్మాయి వాళ్లమ్మ గొంతు వినిపించింది: "వదినగారూ, శనగపిండిలో పెరుగు వెయ్యాలంటారా, పాలా? మా చిన్నదానికి మంగు మచ్చలు, ఇక్కడ డాక్టరు అపాయింట్‌మెంట్ ఎప్పటికోగానీ ఇవ్వరు."

ఆ తర్వాత ముప్పావుగంట ఆవిడా అత్తగారూ మాట్లాడుకున్నారు. పిన్నిగారు కూడా మధ్యలో వచ్చి కూర్చున్నారు. అమ్మాయీ అబ్బాయీ రెండు తెరల్లోంచి ఒకరినొకరు చూసుకుంటూ ఊరుకున్నారు. ఒకసారి నవ్వుకున్నట్టు కూడా ఉంది. జాతకాల సంగతి వచ్చేవారం చూద్దామన్నారు. ఆ రాత్రి మధ్యవర్తికి వాట్సాప్ మెసేజ్ వచ్చింది: మీ ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే దుగ్గిరాల పసుపు అరకిలో, పటిక ఒక ముక్క పంపగలరా, పటిక మాత్రం దిష్టికి కట్టింది కాకుండా.