పదిమంది చేతిలో అలర్టు

పని దానంతట అదే జరిగిపోవాలని ఒక సాఫ్ట్‌వేర్ కొన్నాం. అది ఆగిపోతే మనిషిని లేపడానికి ఇంకో సాఫ్ట్‌వేర్ కొన్నాం. ఆ మనిషి లేవకపోతే తర్వాత ఎవరిని లేపాలో ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు పేరు ఎస్కలేషన్ గ్రూపు. ఆటోమేషన్ వస్తే మనుషుల అవసరం తగ్గుతుందని ఎవరన్నారో గానీ, మా గ్రూపులో ఇప్పుడు 23 మందిమి ఉన్నాం.

మొదట్లో ఇద్దరే. ఒక రాత్రి బిల్లుల వర్క్‌ఫ్లో (సాఫ్ట్‌వేర్ తనంతట తానే చేసుకుపోయే పనుల వరస) మధ్యలో ఆగింది, ఇద్దరూ ఫోన్ తీయలేదు. మర్నాడు పెద్ద మీటింగ్ పెట్టి, ఎందుకు తీయలేదన్న చిన్న ప్రశ్న జోలికి పోకుండా ఇంకో నలుగురిని చేర్చాం. తర్వాతి సారి ఆరుగురూ తీయలేదు. మళ్లీ మీటింగ్, మళ్లీ చేర్పులు. పదిమంది చేతిలో పాము చావదని పెద్దలు ఊరికే బాధపడ్డారు. అందులో ఉన్న సుఖం వాళ్లకు తట్టలేదు. పాము చావకపోతే ఆ పదిమందిలో ఎవరినని అడుగుతారు?

మా పద్ధతికి శాస్త్రం అండ కూడా ఉంది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఇంటర్‌కమ్‌లో అవతలి మనిషికి మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తారు. వింటున్నది తామొక్కరే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మూర్ఛ ఆగేలోపే సాయానికి లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నవాళ్లలో లేచింది 31 శాతమే. నలుగురు తోడుంటేనే అంత నిబ్బరం వస్తే, 22 మంది తోడున్న నా నిద్ర ఎంత గాఢమో మీరే ఊహించుకోండి.

ఎవరి తర్వాత ఎవరిని లేపాలో రాసుకున్న మా పాలసీలో నాలుగు మెట్లు, మెట్టుకు 15 నిమిషాల గడువు. మొదటి మెట్టులో ఉన్నవి మూడు పేర్లు: ఒకాయన ఎప్పుడో వేరే విభాగానికి మారిపోయాడు, ఒకావిడ సెలవులో ఉంది, మూడోది అసలు మనిషే కాదు, ఎవరూ తెరవని ఒక మెయిల్ ఐడీ. ఇలా మెట్లెక్కి మేనేజర్ ఫోన్ మోగేసరికి 45 నిమిషాలు. అప్పటికే కస్టమర్ ఆయనకు ఫోన్ చేసి ఉంటాడు. ఇంతవరకు మా దగ్గర ఒక్కసారి కూడా ఫెయిల్ కాని ఎస్కలేషన్ ఆ కస్టమరే.

ఇక అక్నాలెడ్జ్ బటన్. అది నొక్కగానే గడియారం ఆగుతుంది, కబురు పై మెట్టుకు పోదు. బటన్ పెట్టినవాళ్ల ఉద్దేశంలో దానర్థం 'నేను చూసుకుంటాను' అని. నిద్రలో ఉన్న బొటనవేలికి అర్థమయ్యేది 'ఇక నోరు ముయ్యి' అని. సాఫ్ట్‌వేర్ పాపం మాట నమ్ముతుంది.

బొటనవేలిని తప్పు పట్టలేం. 'డిస్క్ 80 శాతం నిండింది' అని రోజూ అర్ధరాత్రి ఒక అలర్టు వస్తుంది. బ్యాకప్ నడిచేటప్పుడు నిండుతుంది, తెల్లారేసరికి ఖాళీ అవుతుంది. 'నాన్నా పులి' అన్న పిల్లాడు అబద్ధమాడింది రెండు రోజులే, మా డిస్క్ ఏడాదిగా అదే పాట. 12 గంటల షిఫ్టులో ఒకరి మీద రెండుకు మించి ఘటనలు పడకూడదని గూగుల్ ఇంజనీర్లు తమకొక పరిమితి రాసుకున్నారు. మా దగ్గర ఆ రెండూ లాగిన్ అయ్యేలోపే అయిపోతాయి.

కొత్తగా చేరిన ఒకమ్మాయి మీటింగ్‌లో చెయ్యెత్తింది. మెట్టుకు ఒక్కరే ఉండాలట, వారం వారం వంతు మారాలట. వచ్చాక ఎవరూ ఏమీ చేయనక్కర్లేని అలర్టుల్ని తీసిపారేయాలట. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అనుభవం లేదు కదా, పాపం! అలా చేస్తే ఫోన్ ఎవరు తీయలేదో తెలిసిపోదూ?

అయినా పిల్ల మనసు నొప్పించడం ఎందుకని, మారిపోయినాయన పేరు తీసేయడానికి ఒప్పుకున్నాం. గ్రూపులో మార్పు చేయాలంటే గ్రూపు ఓనర్ ఆమోదం కావాలి. ఓనర్ ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. ఆమోదం 24 గంటల్లో రాకపోతే ఆ రిక్వెస్ట్ తనంతట తానే అలర్టుగా మారి ఒక ఎస్కలేషన్ గ్రూపుకు వెళ్తుంది. మా గ్రూపుకే. రోజూ రాత్రి రెండింటికి వస్తోంది. నిన్న నేనే అక్నాలెడ్జ్ చేశాను.