మాధవాయిపాలెం రేవులో రికార్డో

చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరెళ్లాలంటే నరసాపురంలో మాధవాయిపాలెం రేవు దగ్గర పంటు ఎక్కేవాళ్లం. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, చేపల తట్టలు, వాటి మధ్య మేం. మాధవాయిపాలెం పేరుతో దేశదేశాలు తిరిగిన గుడ్డ ఒకటుందని ఊరు విడిచొచ్చాకే తెలిసింది. తెల్లవాళ్ల నోట్లో ఊరు 'మదపోలం' అయింది, తెల్ల నూలు గుడ్డకీ అదే పేరు. తర్వాత లాంకషైర్ మిల్లులు అదే పేరుతో నేసి మనకే తెచ్చి అమ్మాయి.

మొన్న ఎకనామిక్స్ చదువుతున్న మా అమ్మాయి రికార్డో లెక్క వేస్తోంది. దేశాల మధ్య వ్యాపారం ఎందుకు లాభమో చెప్పిన ఇంగ్లండు ఆర్థికవేత్త ఆయన. 1817 నాటి ఉదాహరణ. గుడ్డకి ఇంగ్లండులో 100 మంది కావాలి, పోర్చుగల్లో 90. వైనుకి ఇంగ్లండులో 120, పోర్చుగల్లో 80. రెండింట్లోనూ పోర్చుగలే మెరుగు. అయినా అది వైను చేసి, ఇంగ్లండు గుడ్డ నేసి, మార్చుకుంటే ఇద్దరికీ లాభం: 80 మంది పనితో పోర్చుగల్‌కి 90 మంది నేసే గుడ్డ, 100 మంది పనితో ఇంగ్లండుకి 120 మంది చేసే వైను. లెక్కలో తప్పేం లేదు.

"మరి పోర్చుగల్ నేతగాళ్లో?" అన్నాను.

"వైను పనిలోకి వెళ్తారు నాన్నా."

"ఎన్నాళ్లకి?"

"ఈ మోడల్లో టైమ్ ఉండదు."

నా పేచీ అక్కడే. 1721లో రంగులద్దిన మన గుడ్డలు కట్టుకోకూడదని చట్టం చేసిన దేశానికి, సొంత మిల్లులు లేచాక స్వేచ్ఛా వ్యాపారం ముద్దొచ్చింది. 1813లో భారత వ్యాపారం మీద ఈస్టిండియా కంపెనీ గుత్తహక్కు పోయింది, మిల్లు గుడ్డ దిగింది. మగ్గం గుంటలోంచి లేచినవాడు సేద్యానికి పోతాడంటుంది సిద్ధాంతం. ఏ సేద్యానికి? పక్కనే గోదావరి సముద్రంలోకి పోతుంటే వాన కోసం మొహం వాచిన నేల అది. 1832-33లో నందన కరువు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, ముగిసింది 1852లో. అప్పటికి మిల్లు గుడ్డకి దారి తెరిచి 39 ఏళ్లు. పుస్తకంలో అదంతా ఒక బాణం గుర్తు.

చవక గుడ్డ కొన్నవాళ్లకి మేలే జరిగింది, కాదనను. సిద్ధాంతమే వద్దనడం కూడా తప్పే. అది లేకపోతే ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పటానికి దండం పెట్టి ఊరుకుంటాం, శిస్తు పడిపోయిందని కంపెనీకి పుట్టిన బెంగ సంగతి అడగం.

మా అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు రేవులో కూర్చుని మళ్లీ మొదలుపెట్టాలి. అక్కడ వంతెన వస్తుందని నా చిన్నప్పట్నుంచీ వింటున్నాను.