ఫిలడెల్ఫియాకు కావాల్సింది గోడ బొమ్మలు కాదు, బారు మూలన ఓ ఆర్గన్

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాజ్ సంగీతాన్ని ఎలా నిలబెట్టాలన్న చర్చ వచ్చినప్పుడల్లా అవే రెండు మాటలు. ఇంకో ఫెస్టివల్ పెట్టండి, ఇంకో గోడ మీద శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ బొమ్మ వేయండి. నేనడిగేది అంతకన్నా చిన్నది. నాలుగు పేటల్లో నాలుగు బార్లు ఎంచుకుని, ఒక్కోదాని మూలన ఓ హామండ్ బీ-3 ఆర్గన్, అంటే కరెంటుతో నడిచే పెద్ద కీబోర్డు వాద్యం, పెట్టించండి.

జిమ్మీ స్మిత్, జిమ్మీ మెక్‌గ్రిఫ్, షర్లీ స్కాట్, ట్రూడీ పిట్స్, చార్లెస్ ఎర్లాండ్, నది అవతలి కామ్డెన్ నుంచి రిచర్డ్ గ్రూవ్ హోమ్స్. ఒక్క ఊరు, దాని చుట్టుపక్కల నుంచి ఇంచుమించు ఒకే తరంలో ఇంతమంది ఆర్గనిస్టులు. ఆ మట్టిలోనే మహిమ ఉందని సరిపెట్టుకోవచ్చు. నేనైతే బారు ఓనరు లెక్కల పుస్తకంలో వెతుకుతాను.

హామండ్ ఆర్గన్ 1935లో మార్కెట్లోకి వచ్చింది. పైప్ ఆర్గన్ కొనలేని చర్చిలు దాన్ని కొన్నాయి. బార్లు ఎందుకు కొన్నాయంటే, ఆర్గనిస్టు ఎడమ చెయ్యి, కాళ్లతో బేస్ (పాటకి అడుగున మోగే మంద్ర స్వరాలు) కూడా తనే వాయించేస్తాడు కాబట్టి. బేస్ వాయించేవాడి కూలి మిగిలింది. ఆర్గన్, గిటార్, డ్రమ్స్, అంతే. ముగ్గురి డబ్బులకి పెద్ద బ్యాండంత మోత. పైగా పియానోలాగా మాటిమాటికీ శ్రుతి చేయించే పని లేదు.

ఇక బరువు సంగతి. బెంచీ, పెడల్స్‌తో కలిపితే బీ-3 దాదాపు 190 కిలోలు. దాన్ని ఊళ్లు తిప్పడానికి జిమ్మీ స్మిత్ శవాల వ్యాను వాడాడు! అందరికీ అంత ఓపిక ఎక్కడిది? కాబట్టి చాలాచోట్ల ఆర్గన్ బారుదే అయింది, ఒకచోటే పడి ఉంది. వాయించేవాళ్లు వారం వారం మారతారు, అది కదలదు. మన ఊళ్లో రామాలయం హార్మోనియం పెట్టెలాంటిదన్నమాట. భజనకి వచ్చినవాడు ఎవడైనా ముందు కూర్చోవచ్చు. నా వాదనంతా ఈ కదలకపోవడం మీదే. మెక్‌గ్రిఫ్‌కి ఆర్గన్ పిచ్చి పట్టింది సొంత తోబుట్టువు పెళ్లిలో గ్రూవ్ హోమ్స్ వాయించగా విని. అంతకుముందు అతను బేస్ వాయించాడు, ఫిలడెల్ఫియాలోనే పోలీసు ఉద్యోగమూ చేశాడు. అలాంటివాడికి రికార్డు విన్నంత మాత్రాన సరిపోదు. చెయ్యి పెట్టి చూసుకోవడానికి ఎక్కడో ఓ పెట్టె ఉండాలి.

ఇప్పుడు డిజిటల్ కీబోర్డులు చంకలో పెట్టుకుపోయేంత తేలిగ్గా వస్తున్నాయి, సౌండ్ కూడా దాదాపు అదే, ఇంకా ఆ బండ పెట్టె ఎందుకంటారు. 1964లో, జాజ్ క్లబ్బులకి పేరుపడ్డ కొలంబియా అవెన్యూలో అల్లర్ల తర్వాత ఆ వీధి కళ తప్పిందనీ, జనం అభిరుచి మారిందనీ కూడా అంటారు. నిజమే, కాదనను. కానీ కీబోర్డు రాత్రికి వాయించినవాడితోపాటే కారెక్కి ఇంటికి పోతుంది. పిల్లాడు దాన్ని ముట్టుకునేదెప్పుడు?

మరి తర్వాతి తరం ఆర్గనిస్టు జోయ్ డిఫ్రాన్సెస్కో ఎలా వచ్చాడని అడుగుతారు. పదిహేడేళ్లకే ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ బ్యాండులో వాయించి, 2022లో 51 ఏళ్లకే పోయిన మహానుభావుడు. వాళ్ల నాన్న కూడా ఆర్గనిస్టే. పెట్టె ఇంట్లోనే ఉంది. ఇంట్లో పెట్టె లేని పిల్లాడి గురించే నా బాధ. 'ఆర్గన్ రాణి' అని పేరుపడ్డ షర్లీ స్కాట్ కూడా చివరి ఏళ్లలో ఎక్కువగా పియానోనే వాయించింది. బార్లలో ఆర్గన్లు కరువయ్యాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇక బొమ్మల సంగతి. కోల్ట్రేన్ బొమ్మని 2002లో ఓ గోడ మీద వేశారు. 2014లో ఆ గోడనే కూలగొట్టారు. 2017లో ఇంకోచోట కొత్తది వేశారు. 33వ వీధిలో ఆయన ఇంటికి 1999లో జాతీయ చారిత్రక కట్టడమని గుర్తింపు ఇచ్చి, ఆపైన ఏళ్ల తరబడి దాన్ని పాడుపెట్టారు. అదే కోల్ట్రేన్ 1955లో మైల్స్ దగ్గరికి పోయేముందు కొన్నాళ్లు జిమ్మీ స్మిత్ పక్కనే వాయించాడు, ఓ మామూలు రాత్రి, మందు గ్లాసుల మధ్య. ఆ మామూలు రాత్రికి మాత్రం ఏ సర్కారూ పైసా విదల్చదు. పోయినవాళ్లకి దండలేయడం, ఉన్నవాళ్లకి చోటివ్వకపోవడం ఒక్క ఫిలడెల్ఫియా జబ్బే అయితే నేనింత రాయను. విగ్రహాల విషయంలో మనమేం తక్కువ తిన్నాం?

బీ-3ని ఆన్ చేయడానికి రెండు స్విచ్‌లు. మొదటిది నొక్కిపెట్టి ఓ ఎనిమిది సెకన్లు ఆగాలి, లోపలి చక్రాలు వేగం అందుకోవాలి. దాన్ని వదలకుండానే రెండోది వేసి ఇంకో నాలుగు సెకన్లు ఉంచాలి. ఏడాదికోసారి లోపల కాస్త నూనె పోయాలి. తెలిసిన మెకానిక్ ఒకడుంటే నాలుగు బార్లూ చూసుకుంటాడు. ఆ మెకానిక్ జీతం ఏ పద్దులో రాయాలో సిటీ హాల్ ముందు తేల్చాలి. గోడలకి రంగులు ఆ తర్వాత కొనుక్కోవచ్చు.