పాటకూ కావాలి సిఫార్సు లెటర్

మా అనంతపురంలో సిఫార్సు లేనిదే ఏ పనీ జరగదని తెలియనివారు ఊరికి కొత్తవారై ఉండాలి. కొండమీద బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యేగారి లెటర్, పిల్లవాడి సీటుకు ఇంకో పెద్దాయన లెటర్, ట్రాన్స్‌ఫర్ ఆపుకోవడానికి ఒకటి, అదే ట్రాన్స్‌ఫర్ వేయించుకోవడానికి మరొకటి. లెటర్‌హెడ్ మీద పచ్చ సిరా సంతకం కనబడితే చాలు, సగం పని అయిపోయినట్టు ప్రాణం కుదుటపడుతుంది. ఇన్నాళ్లూ ఈ పద్ధతికి లొంగకుండా తిరిగింది పాట ఒక్కటే. టీ అంగడి రేడియోలోంచో, పక్కింటి కిటికీలోంచో, ఏ లెటరూ లేకుండా ఎవరి చెవిలోకంటే వారి చెవిలోకి దూరిపోయేది. ఆ అరాచకం ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇప్పుడు పాటకు కూడా సిఫార్సు తప్పనిసరి.

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే నడిచే బ్యాచ్ మాది. ఏడుగురం. నాలుగు రౌండ్లు నడుస్తాం, చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తంగా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటాం. ఒకప్పుడు ఆ బండి దగ్గర షుగర్ గురించి, పిల్లల సంబంధాల గురించి, వేరుశెనగ ధర గురించి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు అందరిదీ ఒకటే ప్రశ్న.

"ఏమి వింటాండారు సార్ ఈ మధ్య?"

ఇది కుశలప్రశ్న కాదు, ఇంటర్వ్యూ. మొదటిసారి అడిగినప్పుడు నేను తెలియక నిజం చెప్పాను. "ఏముంది సార్, పొద్దున్నే చెత్త బండి పాట, ఫోన్ చేస్తే రింగుకు ముందొచ్చే హెచ్చరిక" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. బండి అన్న మాత్రం జాలిపడి ఒక బజ్జీ ఎక్కువ వేశాడు.

మా సంఘానికి అప్రకటిత అధ్యక్షులు ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు. సర్వీసంతా లోన్లు సిఫార్సు చేసిన చెయ్యి, ఊరికే ఉండమంటే ఉండదు. పోయిన నెలలో ఒకరోజు తెల్లవారుజామున 5.47కి ఆయన మా వాట్సాప్ గ్రూపులో యమన్ రాగంలో సితార్ కచేరీ ఒకటి పెట్టారు. నిడివి 41 నిమిషాలు. 5.49 కల్లా ఐదు జవాబులు వచ్చాయి. "అద్భుతం సార్", "మాటల్లేవు", "కళ్లల్లో నీళ్లు తిరిగాయి", ఇంకా రెండు దండాలు. 41 నిమిషాల కచేరీని రెండు నిమిషాల్లో విని, కళ్లు తుడుచుకుని, మళ్లీ టైపు కూడా చేయగల రసికులు తంజావూరులో ఉన్నారా? కలకత్తాలో ఉన్నారా?

యమన్ అంటే మన కల్యాణికి దగ్గరి చుట్టం. సాయంత్రం దీపాలు పెట్టాక వినాల్సిన రాగమని తెలిసినవాళ్లు చెబుతారు. దాన్ని కోడి కూసే వేళకు పంపడం గురించి నేను మాట్లాడను. సిఫార్సు లెటర్‌కు ముహూర్తం ఏమిటి? నా తప్పు వేరే ఉంది. నేను దాన్ని విన్నాను.

ఇంట్లో కూర్చుని మొత్తం విన్నాను. మొదట సితార్ ఒక్కటే తీరిగ్గా ఆలాపన చేసుకుంటూ పోతుంది. ఒక్కో స్వరం దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి వచ్చి, ఊళ్లో అందరినీ పలకరించుకుంటూ పోయే పెద్దమనిషి లాగా. 19వ నిమిషంలో తబలా అందుకుంటుంది. ఆ చోట నాకు నిజంగానే ఒళ్లు జలదరించింది. మరుసటిరోజు బండి దగ్గర ఆ ముక్కే చెప్పాను. "సార్, ఆ తబలా వచ్చే చోటు ఉంది చూడండి, ఏమి బాగుంది సార్!"

ఆయన చేతిలో ఉగ్గాని చెంచా గాలిలోనే ఆగింది.

"దాంట్లో తబలా ఉండాదా?"

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తప్పు నాదేనని తేలింది. సిఫార్సు చేసినవారు ఆ మనిషిని ఎరిగి ఉండాలని ఏ జీవోలో ఉంది? తన లెటర్ పట్టుకుని కొండెక్కే వాళ్లందరినీ ఎమ్మెల్యేగారు ఎరుగుదురా? లెటర్ ఇవ్వడం ఒక హోదా. దాన్ని పట్టుకొచ్చిన వాడి గోత్రం, తబలా అడగడం మర్యాద కాదు.

పాటల యాప్‌లు కూడా ఈ విషయంలో మా సంఘం వైపే ఉన్నాయి. వాళ్ల లెక్కలో పాట 30 సెకన్లు ఆడితే ఒకసారి విన్నట్టే. దీన్ని తక్కువ అనేవాళ్లను ఒక్క మాట అడుగుతాను. రెండు రోజులు కంపార్టుమెంటులో కూర్చుని లోపలికి పోతే, స్వామి ముందు 30 సెకన్లు నిలబడగలిగిన భక్తుడు మీ చుట్టాల్లో ఒక్కడున్నాడా? "జరగండి, జరగండి" మధ్య ఒక రెప్పపాటు దొరికితేనే జన్మ ధన్యం అనుకుని లడ్డూ కౌంటర్ వైపు నడుస్తాం. ఆ లెక్కన పాటకు 30 సెకన్లంటే సాక్షాత్తూ ఏకాంత సేవ.

సంఘంలో బెంగళూరు శాఖ మా మేనల్లుడు. సాఫ్ట్‌వేర్. శుక్రవారం రాత్రి బస్సెక్కి వస్తాడు, శనివారం పొద్దున మాతో నడుస్తాడు. వాడి సిఫార్సు జాజ్ సంగీతం. "మామా, మైల్స్ డేవిస్ ట్రంపెట్ వినల్ల నువ్వు. ఆయన వాయించేది కాదు, వాయించని నోట్సు వినల్ల" అన్నాడు. వాయించిన నోట్సే నాకు పూర్తిగా అందవు. వాయించనివి వినడానికి నెలనెలా చందా ఎందుకురా, కరెంటు పోతే చాలదా అన్నాను. వాడు జాలిగా చూసి, ఇంకో మెట్టు పైకి తీసుకుపోయాడు. జాన్ కేజ్ అని అమెరికా సంగీతకారుడు ఒకాయన ఉండేవాడట. 1952లో ఆయన రాసిన ఒక రచనలో వాద్యకారుడు ఏమీ వాయించడు. 4 నిమిషాల 33 సెకన్లు ఊరికే కూర్చుంటాడు. దానికి మళ్లీ మూడు భాగాలు. మొదటిసారి కచేరీ చేసినాయన పియానో మూత వేస్తే ఒక భాగం మొదలు, తీస్తే అయిపోయినట్టు.

ఇది మా మేనల్లుడు నన్ను ఏడిపించడానికి అల్లిన కథ అనుకున్నాను. నిజమేనని తెలిశాక గౌరవం కలిగింది. ఆదివారం పొద్దున మేడమీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఫోన్లో టైమర్ పెట్టుకుని, కళ్లు మూసుకుని ఆ రచనను కమలానగర్‌లో ఆలకించాను. మొదటి భాగం పక్కింటి ట్యాంకు నిండి నీళ్లు కిందికి కారడంతో మొదలైంది. "మోటార్ ఆపండమ్మో!" అని ఎదురింటి అవ్వ మధ్యలో అందుకుంది. రెండో భాగంలో మా ఇంటి కుక్కర్ మూడు విజిళ్లు, ఎర్రగడ్డల ఆటోలో రికార్డు చేసిన గొంతు, దాని రేటు విని బేరమాడిన ఇద్దరు ఆడవాళ్లు. మూడో భాగమంతా మిక్సీ. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పచ్చిశెనగపప్పు రుబ్బే మిక్సీకి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

కేజ్ చెప్పదలచుకున్నది కూడా ఇదేనట. నిశ్శబ్దం అనేది ఎక్కడా ఉండదు, చుట్టూ ఉన్న చప్పుడునే సంగీతంగా విను, అని. ఈ జ్ఞానం కోసం ఆయన హార్వర్డులో చప్పుడే పుట్టని గదిలోకి వెళ్లి కూర్చుంటే, అక్కడా తన ఒంట్లో నెత్తురు పారే చప్పుడు వినబడిందట. పాపం, అంత శ్రమ ఎందుకు? టవర్ క్లాక్ దగ్గర దిగి ఉంటే ఆటో చార్జీతో పోయేది.

అదే 1952లో ఇంకో వింత జరిగింది. సిలోన్ రేడియోలో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం మొదలుపెట్టాడు. అమెరికాలో ఒకాయన ఏమీ వినిపించని ఏడాదే, ఇక్కడ బుధవారం రాత్రి వస్తే మా నాయన రేడియోకు చెవి ఆనించి కూర్చునే రోజులు వచ్చాయి. మా నాయనకు హిందీలో "పానీ" దాటి రాదు. కానీ ఆ పాటలన్నీ నోటికొచ్చు. అర్థం తెలియకపోవడం వల్ల ఆయన భక్తికి ఏనాడూ లోటు రాలేదు. అందుకే ఇంటర్ చదివే మా అమ్మాయి ఏడుగురు కొరియా అబ్బాయిల పాటలు కొరియన్ భాషలోనే పాడుతుంటే నేను నోరెత్తను. "ఆ భాష నీకెట్లా అర్థమైతాదే?" అని వాళ్లమ్మ అడిగింది. "నీకు సుప్రభాతం అర్థమైతాదా?" అంది. ఆ రోజు ఇంట్లో టిఫిన్ ఆలస్యమైంది.

ఇక అసలు విషయానికి వస్తాను. డిసెంబరు వస్తే యాప్ ఏడాది లెక్క తీసి చేతిలో పెడుతుంది. ఎవరు ఎన్ని నిమిషాలు విన్నారు, దేన్ని ఎక్కువగా విన్నారు అంతా రంగురంగుల్లో. ఆ వారం మా బ్యాచ్‌లో నడకకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. మందుల షాపు ఆయన ఏడాదంతా మాకు గజళ్లు పంపినవాడు. ఆయన లెక్కలో మొదటి స్థానం మనవడి ఏనుగు పాటది. నాదీ అంతకంటే గౌరవంగా ఏమీ లేదు, దాని గురించి ఈ వ్యాసంలో చర్చించను.

బ్యాంకు సారు ఫోన్ మాత్రం ఎవరికీ చూపించలేదు. చివరికి బండి అన్నే, డబ్బులు పడ్డాయా లేదా అని ఆయన ఫోన్‌లోకి తొంగిచూసి బయటపెట్టాడు. సితార్ లేదు, గజల్ లేదు. మొదటి స్థానంలో వాన. ఉత్త వాన చప్పుడు, నిద్ర పట్టడానికి వేసుకునేది, రాత్రికి ఎనిమిది గంటలు.

మన జిల్లాలో ఏడాదికి పడే వానే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా పడాల్సిన నెలలో పడదు. అలాంటి చోట ఒక్క మనిషి ఇన్ని వందల గంటల వాన రహస్యంగా నిలవ చేసుకోవడం ఏమి న్యాయమని అడిగాం. ఆయన కాసేపు బజ్జీ కాగితం మడత పెట్టారు.

"అలవాటప్పా" అన్నారు. "సర్వీసంతా పల్లె బ్రాంచీల్లోనే చేసినా కదా. రాత్రి వాన సప్పుడు ఇనపడితే క్రాప్ లోన్లు వసూలైతాయని నిద్ర పట్టేది."

ఆ మాటకు బండి దగ్గర ఎవరూ నవ్వలేదు. అన్ని నెలల సిఫార్సుల్లో ఆయన నిజంగా విన్నది అదొక్కటే, దాన్ని మాత్రం ఎవరికీ సిఫార్సు చేయలేదు.

వాన సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. మా జిల్లాలో గ్రామదేవతల జాతరల్లో కొట్టే వాద్యం పేరు ఉరుము. మేఘం ఉరమకపోయినా, ఏడాదికొకసారి ఊరి నడిబొడ్డున ఉరుములు ఉరిమితీరతాయి. మా గ్రూపులో ఇంతవరకూ దానికి సిఫార్సు రాలేదు. లెటర్‌హెడ్ లేని వాద్యం.

సిఫార్సు లేకపోతే పాట గతి ఏమవుతుందో చూడాలంటే పక్క జిల్లా తాళ్లపాక అన్నమయ్యనే చూడండి. ఆయన రాసినవి 32,000 అంటారు. ఇప్పుడు దొరుకుతున్నవి 12,000 పైచిలుకు. సాక్షాత్తూ స్వామి ఎదుట పాడిన మనిషి. 1503లో ఆయన పోయాక ఆ పాటలు రాగిరేకుల మీదికెక్కి, కొండమీదే ఒక అరలో చీకట్లో పడి ఉన్నాయి. వెయిటింగ్ సుమారు 400 ఏళ్లు. అంతసేపు క్యూలో నిలబడ్డ భక్తుడు ఇంకొకడు లేడు. రేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. అడ్రసుంది, దారి లేదు. 20వ శతాబ్దంలో అవి బయటపడ్డాక, వాటిలో వందకు పైగా పాటలకు స్వరం కట్టి మళ్లీ మనుషుల నోట పెట్టినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. మా కంబదూరు దగ్గరి రాళ్లపల్లిలో 1893లో పుట్టారు. మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు పాఠం చెప్పారు. సిఫార్సు చేయదలచుకున్న పాటను ఆయన ముందు పూర్తిగా చదివి, పాడి, ఏ స్వరం దగ్గర ఏ మాట నిలుస్తుందో తేల్చుకునేవారు. ఇంత ఆలస్యం చేస్తే మా గ్రూపులో వారం తిరక్కుండా తీసేస్తాం.

అయినా ఆయన పేరు తలుచుకుని నేను ఒక సంస్కరణకు పూనుకున్నాను. ఇకమీదట లింకు ఊరికే పడేయకూడదు, పద్ధతిగా లెటర్ జత చేయాలి. నమూనాగా నేనే మొదటిది రాశాను.

"అయ్యలారా, ఈ లెటర్ పట్టుకుని వస్తున్న అన్నమయ్య పాట నాకు చిన్నప్పటి నుంచీ బాగా తెలిసినది, నడవడిక మంచిది. నిడివి 6 నిమిషాలు. దీనికి మీ చెవిలో, వీలైతే రెండు చెవుల్లోనూ, ఒక పూర్తి దర్శనం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. వెంట ఒక పల్లవి, మూడు చరణాలు ఉన్నాయి. అందరిదీ ఒకే కుటుంబం. పల్లవిని లోపలికి పిలిచి చరణాలను గేటు బయట నిలబెట్టవద్దని మనవి. పక్కవాద్యంగా మృదంగం ఒక్కటే వస్తోంది, దానికి వేరే లెటర్ అవసరం లేదనుకుంటాను."

దీన్ని నాలుగుసార్లు దిద్ది, పొద్దున 6.10కి గ్రూపులో పెట్టాను. 6.11 కల్లా "అద్భుతం" ఒకటి, "మాటల్లేవు" ఒకటి, దండాలు రెండు వచ్చాయి. 6.12కి చూసుకుంటే లెటర్ ఒక్కటే పోయింది, పాట జత చేయడం మరిచిపోయాను. క్షమాపణ టైపు చేస్తుండగానే బ్యాంకు సారు జవాబు వచ్చింది.

"మొత్తం విన్నా సార్. ముఖ్యంగా తబలా."