సవరణ: ఒడ్డు నుంచి విసిరే ఫిష్ ఫైండర్ గురించి

చెన్నైలో గాలం వేసే మన తెలుగు మిత్రుల కోసం కిందటి వారం రాసినప్పుడు, నీటిలోకి ధ్వనిని పంపి చేపలను, అడుగును చూపే, ఒడ్డు నుంచి విసిరే ఫిష్ ఫైండర్‌లో 15 డిగ్రీల సన్నటి ధ్వని కిరణం 3 మీటర్ల లోతున 3 మీటర్ల వెడల్పు మేర చూపుతుందని పేర్కొన్నాను, అది తప్పు. అక్కడ అది చూపేది సుమారు 80 సెంటీమీటర్లే, 3 మీటర్లు చూపేది 55 డిగ్రీల కిరణం. ముట్టుకాడు ఉప్పుటేరు వంటి లోతు తక్కువ నీటిలో చేపలను వెతకడానికి వెడల్పు కిరణమే మేలు, అయితే అడుగునున్న రాయిని, గుంతను విడిగా గుర్తించాలంటే సన్నటిదే కావాలి కనుక, రెండింటినీ మార్చుకోగలిగే పరికరాన్నే ఎంచుకోవాలని నా అభిప్రాయం. మెరీనా అలల నురుగులోనూ అది పనిచేస్తుందన్న మాటను కూడా వెనక్కి తీసుకుంటున్నాను, ఎందుకంటే నీటిలోని గాలి బుడగలు ధ్వనిని చెదరగొడతాయి. ఆ లెక్క నమ్మి పరికరం కొన్నవారిని మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాను.