సవరణ: తైజీలో డాల్ఫిన్ల వేట ఆగలేదు

ఏటా డాల్ఫిన్లను వేటాడే జపాన్ తీరపు ఊరు తైజీ గురించి నిన్నటి పోస్టులో "2015 నుంచి జపాన్ అక్వేరియంలు అక్కడి డాల్ఫిన్లను తీసుకోవడం మానేశాయి" అని ఉంది. అది చదివి వేటే ఆగిపోయిందని చాలామంది సంతోషించారు. ఆగలేదు. అందుకే ఆ వాక్యం మార్చాను.

2015 మేలో జపాన్ జూలు, అక్వేరియంల సంఘం ఆ వేటలో పట్టిన డాల్ఫిన్లను తీసుకోవద్దన్న నిషేధాన్ని తన సభ్యులకు మాత్రమే పెట్టింది. అదీ ప్రపంచ జూలు, అక్వేరియంల సంఘం తనను సస్పెండ్ చేశాక. బయటివాళ్లకు, విదేశాల్లో కొనేవాళ్లకు అది వర్తించదు. తైజీ తిమింగలాల మ్యూజియమైతే సంఘం నుంచే బయటికొచ్చేసింది.

వేట ఏటా సెప్టెంబరులో మొదలవుతుంది. పడవల పక్కన ఇనుప గొట్టాలు నీళ్లలోకి దించి సుత్తులతో కొడతారు. శబ్దాల ఆధారంగా దారి వెతుక్కునే జీవులవి, ఆ మోతకు బెదిరి ఒడ్డువైపు పారిపోతాయి. తీరంలోని ఇరుకైన చిన్న అఖాతంలోకి రాగానే వలలు అడ్డం కడతారు. షోలకు పనికొచ్చేవాటిని ఏరి, మిగతావాటిలో చాలావాటిని మాంసం కోసం చంపుతారు. ప్రాణంతో ఉన్నదానికి మాంసం కంటే ఎన్నో రెట్లు ధర. షో టికెట్‌కీ వేటకీ సంబంధం లేదంటే నేను ఒప్పుకోను.

మన దేశం సంగతి కూడా అడిగారు. 2013 మేలోనే కేంద్ర జూ అథారిటీ డాల్ఫినేరియంలకు (డాల్ఫిన్లతో షోలు నడిపే చోట్లకు) అనుమతి లేదని తేల్చేసింది. పోస్టులో ఆ భాగం అలాగే ఉంచాను.